కోటి కాపీల గేమ్‌ను చూసి మావాడు బీటెక్ వద్దంటున్నాడు, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. రొయ్యల గుంటలు సాగు చేస్తాను. మా అబ్బాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాడు. 'బ్లాక్ మిత్: వూకాంగ్' అనే కంప్యూటర్ గేమ్ మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడుపోయిందని, అలాంటివి తయారుచేయడం నేర్చుకుంటానని అంటున్నాడు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థ నాలుగేళ్ల గేమ్ డిజైన్ కోర్సుకు లక్షల్లో ఫీజు చెప్పి, ఈ నెలాఖరులోగా అడ్వాన్స్ కట్టమంటోంది. సెలవులకు వచ్చినప్పుడు చూస్తే వాడు ఆడేవన్నీ దొంగ కాపీలే. అందరూ ఇలా ఊరికే దించుకుని ఆడుకుంటే ఆ కంపెనీలకు డబ్బెక్కడిది, మావాడికి జీతం ఎవరిస్తారు? మా ఊళ్లో ఆన్‌లైన్ రమ్మీలో పొలం పోగొట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. సీఎస్‌ఈ మంచిదా, ఈ కోర్సు మంచిదా? గ్రాఫిక్స్ కార్డున్న లాప్‌టాప్ కూడా కావాలంటున్నాడు.

జవాబు: ముందు ఒక మాట. ఆ అడ్వాన్స్ కట్టకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

నెల్లూరు, కావలి, ఒంగోలు తల్లిదండ్రుల నుంచి ఇలాంటి ప్రశ్న ఏటా వస్తూనే ఉంటుంది. పైకి రెండు కోర్సుల్లో ఏది మంచిదని అడుగుతారు. లోపల ఉన్న భయం వేరు. మీ ఉత్తరంలో అది రమ్మీ గురించి రాసిన ఆ ఒక్క వాక్యంలో ఉంది. పిల్లాడు చేయి దాటిపోతున్నాడేమోనని మీ దిగులు. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం. డబ్బు పందెం పెట్టి ఆడే ఆటలు వేరు, మీవాడు చెబుతున్న గేమ్‌లు వేరు. ఆన్‌లైన్ రమ్మీలాంటి పందేలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి దేశమంతటా అలాంటి ఆటలకు అడ్డుకట్ట వేసింది. వూకాంగ్ లాంటిది ఒకసారి డబ్బిచ్చి కొనుక్కుని, కథ పూర్తయ్యేదాకా ఆడుకునే ఆట. అందులో పందెం లేదు, పొలం పోయే ప్రమాదమూ లేదు. రెండింటినీ 'గేమ్స్' అని ఒకే గాటన కట్టేసి పిల్లాడి మీద అరిస్తే, నాన్నకేం తెలియదని వాడు మీతో మాట్లాడటమే మానేస్తాడు.

ఇక జీతం ఎవరిస్తారన్న మీ ప్రశ్న. చాలామంది తండ్రులకు ఇది తట్టను కూడా తట్టదు. మీరు అడిగారు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

వూకాంగ్ 2024 ఆగస్టు 20న విడుదలైంది. తయారుచేసింది గేమ్ సైన్స్ అనే చైనా కంపెనీ. మీవాడు చెప్పిన లెక్క నిజమే, మూడు రోజుల్లో కోటి కాపీలు పోయాయి. స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణం ద్వారా ఒకే సమయంలో 24 లక్షల మంది ఆ గేమ్ ఆడారు. దాని కంప్యూటర్ కాపీకి డెనువో అనే రక్షణ తొడుగు వేశారు. డెనువో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో పుట్టిన కంపెనీ, 2018లో ఇర్డెటో అనే సంస్థ దాన్ని కొనుక్కుంది. గేమ్ కోడ్‌లోని ముఖ్యమైన భాగాలను ఎవరూ సులువుగా చదవలేనట్టు మెలికలు తిప్పి, ఈ కాపీ కొన్నవాడిదేనా కాదా అని నడుస్తున్నప్పుడు తనిఖీ చేయడం దాని పని. ఎప్పటికీ పగలని తాళమని ఎవరూ అనరు. మొదటి కొన్ని వారాలు నిలబడితే చాలని కంపెనీలు దానికి డబ్బు కడతాయి.

ఆ కొన్ని వారాలే ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు. గుంటలో రొయ్య కౌంటుకు వచ్చి, పట్టుబడి దగ్గరపడ్డ రోజుల్లోనే కదా మీరు రాత్రుళ్లు కాపలా మనిషిని పెట్టేది? సరుకు లారీ ఎక్కాక ఖాళీ గుంటకు ఎవరూ కాపలా కాయరు. కొత్త గేమ్ ఆదాయం కూడా చాలావరకు మొదటి వారాల్లోనే వస్తుంది. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకుడొకరు డెనువో ఉన్న గేమ్‌ల మీద 2024లో ఒక అధ్యయనం ప్రచురించారు. విడుదలైన మొదటి వారంలోనే క్రాక్, అంటే తాళం పగలగొట్టిన కాపీ, వచ్చేస్తే సగటున 20 శాతం దాకా ఆదాయం పోతుందని, 12 వారాలు దాటాక వస్తే పెద్దగా నష్టం ఉండదని అందులో తేలింది. అంటే దొంగ కాపీల నష్టం నిజమే. కానీ కంపెనీ మూతపడేంత నష్టం కాదు.

తాళమే లేకుండా బాగా అమ్ముడైనవి కూడా ఉన్నాయి. 'బాల్డర్స్ గేట్ 3' 2023 ఆగస్టులో డెనువో లేకుండానే వచ్చింది. జీఓజీ అనే దుకాణంలో ఏ తాళమూ లేని కాపీ అమ్మారు. అయినా స్టీమ్‌లో ఒకేసారి ఎనిమిదిన్నర లక్షల మందికి పైగా ఆడారు. తాళం వల్ల కొన్నవాళ్లకే ఇబ్బంది అయిన సందర్భమూ ఉంది. 2021లో వచ్చిన 'రెసిడెంట్ ఈవిల్ విలేజ్' డబ్బిచ్చి కొన్నవాళ్ల దగ్గర ఆగి ఆగి నడిచింది, రక్షణ కోడ్ తీసేసిన దొంగ కాపీ సాఫీగా నడిచింది. గొడవయ్యాక కంపెనీ సరిచేసింది. కొనేవాళ్లు తాళానికి భయపడి కొనరు. సులువుగా దొరికి, ధర అందుబాటులో ఉండి, నచ్చకపోతే తిరిగిచ్చే వీలుంటే కొంటారు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. ధరలు రూపాయల్లోనే ఉంటాయి, పాత గేమ్‌లకు తరచూ పెద్ద తగ్గింపులు ఇస్తారు. దొంగ కాపీల వల్ల ఈ పరిశ్రమ మునిగిపోతుందన్న భయం మీకు అక్కర్లేదు.

నా అనుమానం వేరేచోట ఉంది. దీని గురించి మీ అబ్బాయి కూడా వినాలి. ఆ కోటి కాపీలు కంపెనీ లెక్క. అది ఉద్యోగుల లెక్క కాదు.

'సైబర్‌పంక్ 2077' 2020 డిసెంబరులో విడుదలై మొదటి పది రోజుల్లో కోటీ 30 లక్షల కాపీలు అమ్మింది. కానీ తప్పులతో వచ్చింది. సోనీ తన దుకాణం నుంచే దాన్ని తీసేసి, కొన్నవాళ్లలో అడిగినవాళ్లకు డబ్బు తిరిగిచ్చింది. 2023లో ఆ గేమ్ తయారుచేసిన కంపెనీ దాదాపు వంద మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని, ఫిబ్రవరిలో సోనీ ప్లేస్టేషన్ సుమారు 900 మందిని తీసేశాయి. వీటిలో చితికిపోయిన కంపెనీ ఒక్కటీ లేదు. గేమ్ తయారయ్యేటప్పుడు వందల మంది కావాలి, విడుదలయ్యాక అంతమంది అక్కర్లేదు. ఈ పనిలో ఉన్న అసలు కష్టం అదీ. వూకాంగ్ మొదటి ట్రైలర్ 2020లో వచ్చింది, గేమ్ వచ్చింది 2024లో. మధ్యలో దాదాపు నాలుగేళ్లు ఆ గేమ్ అమ్మకం లేకుండా జీతాలిచ్చి నడపగలిగితేనే ఆ మూడు రోజుల పండగ. 2024లో స్టీమ్‌లో 18 వేలకు పైగా కొత్త గేమ్‌లు వచ్చాయి. మీవాడికి తెలిసినవి ఎన్ని? మిగతావి తయారుచేసిన వాళ్లు కూడా రాత్రుళ్లు మేలుకుని పనిచేసినవాళ్లే.

మన దగ్గర ఉద్యోగాలు లేవని కాదు. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, పుణేలో యూబీసాఫ్ట్, బెంగళూరులో రాక్‌స్టార్ ఉన్నాయి. కానీ కొత్తగా వచ్చినవాళ్లలో చాలామందికి మొదట దొరికేది టెస్టింగ్, లేదా విదేశాల్లో తయారయ్యే గేమ్‌లో ఏదో ఒక చిన్న ముక్క. కొత్త గేమ్ మొత్తాన్ని ఊహించి కట్టే పని తక్కువ మందికి, చాలా ఏళ్ల తర్వాత దక్కుతుంది. మంచి ప్రోగ్రామర్‌కు, మంచి ఆర్టిస్టుకు చోటుంది. 'గేమ్ డిజైన్ డిగ్రీ చేశాను' అని మాత్రమే చెప్పగలిగే కుర్రాడికి చోటు దొరకడం కష్టం.

అందుకే ఆ అడ్వాన్స్ వద్దన్నాను. ఈ మధ్య ఊరికొక సంస్థ గేమింగ్ కోర్సని బోర్డు పెడుతోంది. రంగురంగుల బ్రోషర్, వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకున్న పిల్లల ఫొటోలు, 'నూరు శాతం ప్లేస్‌మెంట్' అన్న మాట, నెలాఖరులోగా కట్టకపోతే సీటు పోతుందన్న తొందర. మీ దగ్గరికి వచ్చింది కూడా ఇలాంటిదే అయి ఉంటుంది. ఆ డిగ్రీ ఇచ్చేది యూజీసీ గుర్తింపున్న విశ్వవిద్యాలయమేనా అని రాతపూర్వకంగా అడగండి. పోయిన బ్యాచ్ పిల్లలు ఏ గేమ్‌లకు పనిచేశారో పేర్లు చెప్పమనండి. విడుదలైన గేమ్ చివర పనిచేసినవాళ్ల పేర్లు వేస్తారు, కాబట్టి నిజమో కాదో ఎవరైనా చూసుకోవచ్చు. ఏడాది తర్వాత పిల్లాడు మానేస్తే ఎంత తిరిగిస్తారో అడగండి. ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే ఇక ఫోన్ ఎత్తకండి. గుంటల మీద అప్పు తెచ్చి ఇలాంటి ఫీజు కట్టిన కుటుంబాలను నేను చూశాను. మూడో ఏడాది చివర్లో ఆ పిల్లల ముఖాలు చూడలేకపోయాను.

ఇప్పుడు మీకు కొంచెం కోపం తెప్పించే మాటలు చెప్పాలి.

ఇంత పెద్ద ఉత్తరంలో మీ అబ్బాయికి లెక్కలు ఎలా వస్తాయో, కంప్యూటర్‌లో ఏదైనా చేసి చూపించాడో లేదో ఒక్క ముక్క లేదు. వాడేం అడుగుతున్నాడో ఉంది, ఎంత ఖర్చవుతుందో ఉంది. హాస్టల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్‌లో కూర్చోబెట్టి, సెలవుకు ఇంటికొచ్చిన నాలుగు రోజులు వాడు గేమ్ ఆడితే తప్పు పట్టడం న్యాయం కాదు. 'నువ్వేం చేయాలనుకుంటున్నావో చూపించు నాన్నా' అని పక్కన కూర్చుని అడగడానికి మీకు ఒక సాయంత్రం దొరకలేదా?

ఇంకోటి. వాడు దొంగ కాపీలు ఆడుతున్నాడని రాశారు. మంచిదే, అది తప్పని వాడికి తెలియాలి. కానీ కొత్త సినిమా విడుదలైన వారానికే ఫోన్‌లో ఊరికే చూసే ఇల్లు మన జిల్లాల్లో ఎన్ని లేవు? ఐబొమ్మ నిర్వాహకుడిని 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేస్తే, మన వీధుల్లో బాధపడ్డవాళ్లే ఎక్కువ. మీ ఇంట్లోనూ అదే నడుస్తుంటే పిల్లాడికి మాత్రం నీతి చెప్పలేరు. గేమ్‌లు చేసి బతకాలనుకునేవాడు ఇంకొకరి గేమ్‌ను దొంగిలించి ఆడకూడదు, ఈ మాట వాడికి మీరే చెప్పండి, మెత్తగానే చెప్పండి. చట్టం సంగతి కూడా చెప్పండి. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడటం కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద జైలుశిక్ష పడగల నేరం. ఆ కాపీ రావడానికి ఎవరో రక్షణను పగలగొట్టి ఉంటారు, 2012 నుంచి అది కూడా శిక్షార్హమే.

మీకు నేరుగా తగిలే విషయం ఇంకొకటుంది. ఇంట్లో ఉన్న ఆ కంప్యూటర్‌లోనే మీరు బ్యాంకు పనులు చూసుకుంటారా? 2021లో క్రాకొనాష్ అనే వైరస్ బయటపడింది. క్రాక్ చేసిన గేమ్‌లలో దాక్కుని వచ్చి, యాంటీవైరస్‌ను ఆపేసి, రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో యజమానికి తెలియకుండా క్రిప్టో నాణేలు తవ్వుకుంది. పాస్‌వర్డ్‌లు దొంగిలించేవీ ఇలాగే వస్తాయి. మేత వ్యాపారికి డబ్బు పంపే కంప్యూటర్‌లో దొంగ గేమ్‌లు ఉండకూడదు. ఈ వారమే అందులోని ముఖ్యమైన ఫైళ్లు పక్కకు తీసిపెట్టి, విండోస్ మళ్లీ కొత్తగా వేయించండి.

ఇక మీరడిగిన పోలిక. సీఎస్‌ఈలో చేర్చండి. జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకు వస్తే మీకు దగ్గర్లోనే శ్రీసిటీ ట్రిపుల్ ఐటీ ఉంది, లేకపోతే ఎప్‌సెట్‌తో వచ్చిన మంచి కాలేజీ చాలు. గేమ్‌లకు కావాల్సిన సీ ప్లస్ ప్లస్, లీనియర్ ఆల్జీబ్రా, ఆపరేటింగ్ సిస్టమ్స్ అన్నీ ఆ చదువులో భాగమే. నాలుగేళ్ల తర్వాత కూడా గేమ్‌ల మీద ఇష్టం పోకపోతే బెంగళూరులో ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) డిజిటల్ గేమ్ డిజైన్‌లో పీజీ నడుపుతోంది. ఇష్టం పోతే వేరే ఉద్యోగాలకు దారి తెరిచే ఉంటుంది. ఒక్క గేమ్ డిజైన్ డిగ్రీతో అది ఉండదు.

మీవాడికి ఆడటం కన్నా ఆ తాళాలు ఎలా పనిచేస్తాయన్న దాని మీద ఆసక్తి ఉంటే, అది ఇంకా మంచి కబురు. డెనువో లాంటివి కట్టేవాళ్లకు, వైరస్‌లను విప్పి చూసేవాళ్లకు, బ్యాంకు యాప్‌లను కాపాడేవాళ్లకు కావాల్సిన మూల విద్య ఒకటే. ప్రాసెసర్‌కు నేరుగా ఆదేశాలిచ్చే అసెంబ్లీ భాష, ప్రాసెసర్ పనితీరు, ఒక ప్రోగ్రామ్‌ను లోపలి నుంచి చదవగల ఓపిక. అమృత విశ్వవిద్యాపీఠం వాళ్లు నడిపే ఇన్‌సీటీఎఫ్ లాంటి సైబర్ సెక్యూరిటీ పోటీల్లో పిల్లలు ఇదే విద్యను చట్టబద్ధంగా సాధన చేస్తారు. డిగ్రీ అయ్యాక కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్‌లో సెక్యూరిటీ మీద పీజీ డిప్లొమా చేసే వీలూ ఉంది. గేమ్ కంపెనీ తీసేసినా ఈ విద్య ఉన్నవాడు ఖాళీగా కూర్చోడు.

మీరు భయపడుతున్నంత ప్రమాదం ఏదీ మీ ఇంట్లో లేదు. పదిహేడేళ్ల పిల్లాడు ఒక పనిని చూసి ముచ్చటపడ్డాడు, అది మీకు దాచకుండా చెప్పాడు. ఆ చెప్పే అలవాటు పోకుండా చూసుకోండి, మిగతాది సర్దుకుంటుంది.

లాప్‌టాప్ ఇప్పుడే కొనకండి. ఎప్‌సెట్ రాశాక సెలవులుంటాయి కదా, అప్పుడు ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లోనే గేమ్‌లు తయారుచేసే గోడో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోమనండి. చిన్న టూడీ గేమ్‌లకు దానికి గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. మొదలు నుంచి చివరిదాకా ఆడగలిగే ఒక చిన్న గేమ్ చేసి, చిన్న గేమ్‌లు పెట్టే ఇచ్.ఐఓ అనే వెబ్‌సైట్‌లో పెట్టమనండి, అక్కడ పెట్టడానికి రుసుమేమీ లేదు. సగంలో వదిలేశాడంటే కొట్లాట లేకుండానే మీకూ వాడికీ ఒక సంగతి తెలుస్తుంది. పూర్తి చేశాడంటే కాలేజీలో చేరేటప్పుడు వాడడిగిన లాప్‌టాప్ కొనివ్వండి.