గల్ఫ్ కబుర్లు: రూమ్ షార్జాలో, సీసా దుబాయ్‌లో

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె. దుబాయ్ అల్ ఖూజ్‌లో ఏసీ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. కిరాయి తక్కువని షార్జాలో బెడ్ స్పేస్ (నలుగురి రూమ్‌లో ఒక మంచం) తీసుకున్నాను. సెలవు రోజు రెండు బీర్లు తాగుదామంటే ఒకరు లైసెన్సు కావాలంటారు, ఇంకొకరు అక్కర్లేదంటారు. రూమ్మేటేమో అజ్మాన్‌లో ఎవరూ ఏమీ అడగరు, పోయి తెచ్చుకుందాం పద అంటాడు. కువైట్‌లో ఉన్న మా బావ అక్కడ ఇంట్లో కాచిందే తాగుతాడట. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, షార్జా

జవాబు: తమ్ముడూ, నీకు చెప్పినవాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి ఎమిరేట్ సంగతి వాళ్లు చెప్పారు, చిక్కంతా అక్కడే. ఎమిరేట్ అంటే యూఏఈలో మన రాష్ట్రం లాంటిది; దుబాయ్, షార్జా, అజ్మాన్, అబుదాబి వేర్వేరు ఎమిరేట్లు. అబుదాబిలో 2020లో లైసెన్సు తీసేశారు. దుబాయ్‌లో లైసెన్సు కార్డు ఇంకా ఉంది, కాకపోతే 2023 జనవరి నుంచి ఉచితం. నీకు 21 నిండి ఉంటే ఎమిరేట్స్ ఐడీ పట్టుకుని ఎంఎంఐ మందు షాపుకో, ఆఫ్రికన్ ఈస్టర్న్ మందు షాపుకో వెళ్లు, వాళ్లే చేసిస్తారు. 2025 జనవరి నుంచి అక్కడ మందు మీద 30 శాతం పన్ను మళ్లీ వేస్తున్నారు. మనవాళ్లు అజ్మాన్ వైపు చూసేది అందుకే.

నీ సమస్య షార్జా. అక్కడ మందు నిషేధం. కొనడమే కాదు, రూమ్‌లో పెట్టుకున్నా తప్పే. దుబాయ్ కార్డు చూపిస్తే షార్జా పోలీసు వదిలేస్తాడనుకోకు. అజ్మాన్ నుంచి నీ రూమ్‌కి తెస్తే సరుకు షార్జాలోకి తెచ్చినట్టే. దొరికితే జైలు, ఆ తర్వాత ఊరికి పంపేయడం దాకా పోవచ్చు. వీసా కోసం చేసిన అప్పు తీరిందా ఇంకా? ఒకసారి లెక్క చూసుకో.

నేను దుబాయ్ సోనాపూర్‌లో కార్మికుల క్యాంప్‌కి బాస్‌గా ఉన్నప్పుడు చీకటి పడితే గోడ పక్కన సంచుల్లో అమ్మేవాళ్లు వచ్చేవారు. పోలీసుల రెయిడ్‌లో అమ్మినవాడు గోడ దూకి పారిపోయేవాడు, కొన్నవాడు దొరికేవాడు. వాళ్ల దగ్గర మాత్రం కొనకు.

తాగాలనే ఉంటే దుబాయ్‌లోనే, లైసెన్సున్న బార్‌లో కూర్చుని తాగు. బీరు ఖరీదు చూస్తే నువ్వే ఒకదానితో ఆపేస్తావు. బయట పార్కులోనో, బీచ్‌లోనో సీసా తెరవకు. బండి అసలు ముట్టుకోకు, ఒక్క బీరు తాగినా కేసే. కొత్త ట్రాఫిక్ చట్టంలో జరిమానా 20 వేల దిర్హమ్‌ల నుంచే మొదలవుతుంది. షార్జా బస్సులో తూలుతూ కూర్చోవడం కూడా కుదరదు. నన్నడిగితే నాలుగు డబ్బులు ఎక్కువైనా దుబాయ్‌లోనే సత్వాలోనో, దేరాలోనో బెడ్ స్పేస్ చూసుకో. రోజూ ఆ ట్రాఫిక్ బాధ కూడా తప్పుతుంది.

ఇక మీ బావ. నాకు అసలు టెన్షన్ ఆయన గురించే. కువైట్‌లో పూర్తి నిషేధం కాబట్టి దొంగసారా నడుస్తుంది. అందులో మిథనాల్ అనే విషపు స్పిరిట్ కలిస్తే రుచిలో తెలియదు, వాసనలో తెలియదు. 2025 ఆగస్టులో అలాంటిది తాగి అక్కడ 23 మంది చనిపోయారు, కొందరికి చూపు పోయింది. ఈ రాత్రే ఫోన్ చేసి మానెయ్యమను. తాగాక కొన్ని గంటలకు కళ్లు మసకబారినా, వాంతులైనా, తల పగిలేలా నొప్పి వచ్చినా పొద్దున చూద్దాంలే అని పడుకోవద్దు. కేసవుతుందని దాచకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లి, ఏం తాగాడో డాక్టర్‌కి చెప్పాలి. పక్క రూమ్ వాళ్లకు కూడా ఈ మాట చెప్పి ఉంచమను, ఆ స్థితిలో ఆయన నడవలేకపోవచ్చు.