పాత స్వీడిష్ బండ్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాది 1986 వోల్వో 240, బీ230 ఇంజిన్. ఇంజిన్ వెనక క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ ఉండే మెయిన్ సీలు దగ్గర ఆయిల్ కారుతుంటే గేర్‌బాక్స్ దింపించి రెండుసార్లు మార్పించాను. నెల తిరక్కుండానే మళ్లీ కారుతోంది. త్వరలో టర్బో కూడా బిగించాలనుంది. ఏ రకం సీలు వాడాలి?
(ఒక పాఠకుడు, గోథెన్‌బర్గ్)

జవాబు: సీలు సంగతి కాసేపు పక్కన పెట్టండి. కొత్త సీలును కూడా లోపలి ఒత్తిడే బయటికి తోస్తోందని మా అనుమానం. పిస్టన్ల పక్కనుంచి క్రాంక్‌కేస్‌లోకి (ఇంజిన్ కింది భాగంలోకి) దిగే గ్యాసులు ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఉన్న ఆయిల్ సెపరేటర్ డబ్బాలోంచి, ఫ్లేమ్ ట్రాప్ అనే చిన్న ప్లాస్టిక్ జల్లెడ గుండా బయటికి పోవాలి. ఆ జల్లెడ నల్లటి జిగురుతో పూడుకుపోతే గ్యాసుకు దారి ఉండదు. ఎక్కడ సీలు బలహీనంగా ఉంటే అక్కడ ఆయిల్‌ను తోసుకుంటూ వస్తుంది.

పరీక్ష తేలికే. ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పల్చటి రబ్బరు గ్లవ్ కప్పండి. లోపలికి పీల్చుకుంటే దారి బాగున్నట్టు. వేళ్లు నిక్కబొడుచుకుని ఉబ్బితే పూడుకున్నట్టు. అప్పుడు జల్లెడ, దాని హోల్డరు, హోస్ పైపులు, సెపరేటర్ డబ్బా, దాని ఓ-రింగ్ అన్నీ ఒకేసారి మార్చండి. డబ్బాను ఎంత కడిగినా లోపలి మడ్డి పూర్తిగా పోదు. పాత హోల్డరు చెయ్యి తగిలితేనే విరుగుతుంది కాబట్టి కొత్తది చేతిలో ఉంచుకునే పని మొదలుపెట్టండి. మానిఫోల్డ్‌లోకి వెళ్లే సన్న గొట్టం మూతిని తీగతో పొడిచి శుభ్రం చెయ్యడం చాలామంది మర్చిపోతారు. ఇవన్నీ అయ్యాకా గ్లవ్ ఉబ్బుతుంటే కంప్రెషన్ కొలవండి. తక్కువ చూపించిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే రీడింగ్ పెరిగిందా, రింగులు అరిగినట్టే.

ఇక టర్బో. మామూలు బీ230ఎఫ్‌లో కంప్రెషన్ నిష్పత్తి 9.8:1, టర్బోకి చేసిన బీ230ఎఫ్‌టీలో 8.7:1. ఉన్న ఇంజిన్‌కే టర్బో తగిలిస్తే నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజిన్ కొట్టుకోవడం) వస్తుంది. పైగా మీ సంవత్సరం ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్లు సన్నవి, 1990 నుంచే లావుపాటివి వచ్చాయి. 1990 తర్వాతి వోల్వో 740 లేదా 940 టర్బో ఇంజిన్‌ను దాని కంప్యూటర్, వైరింగు, ఆయిల్ కూలర్‌తో సహా మార్చుకోవడమే చివరికి చవక. ఎలాగైనా మీ పాత వైరింగును మాత్రం నమ్మొద్దు. 1980ల తొలి సగం నుంచి సుమారు 1987 దాకా వచ్చిన 240ల్లో ఇంజిన్ వైర్ల ఇన్సులేషన్ పెళుసెక్కి రాలిపోతుంది. బ్యాటరీ నెగటివ్ తీసేసి కనెక్టర్ల దగ్గర వైరును మెల్లగా వంచి చూడండి. పెచ్చులు ఊడితే హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం మార్చాల్సిందే, టేపు చుట్టి సరిపెట్టుకునే పని కాదు.

ప్రశ్న: టూ-స్ట్రోక్ సాబ్ 96 కొన్నాను. పల్లంలో ఫ్రీవీల్ (యాక్సిలరేటర్ వదిలితే ఇంజిన్‌ను చక్రాల నుంచి విడదీసే ఏర్పాటు) లాక్ చేస్తే ఇంజిన్ బ్రేకింగ్ దొరుకుతుంది కదా, ఎందుకు వద్దంటున్నారు?
(ఒక పాఠకురాలు, స్టాక్‌హోమ్)

జవాబు: ఆ ఇంజిన్‌కు ఆయిల్ అందేది పెట్రోలుతోనే. మన లూనాలకూ పాత చేతక్‌లకూ బంకులో టూటీ ఆయిల్ కలిపించినట్టే. పల్లంలో యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు దాదాపు ఆగిపోతుంది, దాంతోపాటే ఆయిలూ. లాక్ వేసి ఉంటే చక్రాలు ఇంజిన్‌ను ఆయిల్ లేకుండానే వేగంగా తిప్పుతాయి, పిస్టన్లు పట్టేస్తాయి. ఫ్రీవీల్ వదిలి ఉంచితే ఇంజిన్ ఐడ్లింగ్‌కు దిగిపోతుంది కాబట్టి ఆ ప్రమాదం లేదు. అయితే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ముందు డ్రమ్ములే ఉన్న బండైతే పల్లం మొదట్లోనే వేగం తగ్గించుకోండి. బ్రేకు అదేపనిగా తొక్కి ఉంచకుండా నొక్కుతూ వదులుతూ దిగండి. తప్పనిసరై లాక్ వేస్తే మధ్యమధ్యలో యాక్సిలరేటర్ ఒకసారి తొక్కి వదులుతుండాలి.

ఆయిల్ 3 శాతం, అంటే 10 లీటర్ల పెట్రోలుకు 300 మిల్లీలీటర్లు. ఇంజిన్ కొత్తగా కట్టించి ఉంటే రన్నింగ్-ఇన్‌లో 4 శాతం. ముందు డబ్బాలో కొంచెం పెట్రోలు పోసి, ఆయిలంతా అందులో కలిపి బాగా ఊపి, తర్వాత మిగతాది పోయండి. స్వీడన్‌లో 2021 ఆగస్టు నుంచి 95 ఆక్టేన్ పెట్రోలు ఈ10 (10 శాతం దాకా ఇథనాల్ కలిపినది) అయింది. ఇథనాల్ పాత రబ్బరును మెత్తబెడుతుంది, కాబట్టి 98 పోయించండి, హోస్ పైపులు ఎలాగూ మార్చండి. 1967 మోడల్ నుంచి వచ్చిన ఫోర్-స్ట్రోక్ వీ4 ఇంజిన్ సాబ్ 96లో ఆయిల్‌కు వేరే సంప్ ఉంటుంది కనుక అందులో లాక్ వేసుకున్నా ఇబ్బంది లేదు.

ప్రశ్న: వోల్వో అమెజాన్‌కు 240 అల్లాయ్ వీల్స్ పడతాయా? రెండింటికీ ఐదేసి బోల్టులే కదా.
(ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్)

జవాబు: పడవు. అమెజాన్‌ది 5×114.3, 240ది 5×108, అంటే ఐదు బోల్టులు కూర్చునే వలయం వ్యాసం మిల్లీమీటర్లలో. ఒక్కో బోల్టు దగ్గర తేడా సుమారు 3 మిల్లీమీటర్లే కాబట్టి బలవంతంగా బిగించేవాళ్లున్నారు. నట్టు సరిగ్గా కూర్చోక వీలు ఊగుతుంది, బోల్టు వంగి చివరికి తెగుతుంది. 140 సిరీస్‌ది కూడా 108 కొలతే కాబట్టి అవీ పడవు, 114.3 కొలత వీల్స్ వెతకండి. కొనేముందు ఆఫ్‌సెట్ (వీలు ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుంటుందో చెప్పే కొలత) సరిచూసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు ఎక్కడా రాసుకోకుండా ఉందో లేదో చూసుకోండి.