యాప్ చూపే అంకెను ఎంతవరకు నమ్మాలి? కిడ్నీ జబ్బుపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నేను గృహిణిని. వయసు 58, బరువు 75 కిలోలు. రక్తంలో క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చే వ్యర్థం) 1.4 వచ్చింది. ఆ అంకె ఒక యాప్‌లో వేస్తే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వేగంగా వడగడుతున్నాయో చెప్పే అంచనా) 44 అంది, ఇంకో దాంట్లో 41, మూడో దాంట్లో 52. ఇంతకీ నా కిడ్నీలు ఎంత పనిచేస్తున్నట్టు?

జవాబు: మూడింటిలోనూ లెక్క సరిగ్గానే ఉందండీ. అవి వాడిన సూత్రాలు వేరు. 44 వచ్చింది సీకేడీ-ఈపీఐ 2021 సూత్రంతో, 41 వచ్చింది దాని 2009 నాటి రూపంతో. 52 చూపింది కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రం. దీంట్లో బరువు కూడా లెక్కలోకి వస్తుంది. మీరు 50 కిలోలే ఉండి ఉంటే అదే క్రియాటినిన్‌కు 35 చూపేది. కొన్ని మందుల మోతాదు తేల్చడానికి డాక్టర్లు దీన్ని వాడతారు గానీ, జబ్బు ఏ దశలో ఉందో చెప్పడానికి కాదు. 45 నుంచి 59 వరకు 3ఎ దశ, 30 నుంచి 44 వరకు 3బి. కాబట్టి 52 చూసి ఊరట పడకండి. మిగతా రెండు లెక్కల ప్రకారం మీది 3బి.

మీ ల్యాబ్ రిపోర్టులో ఏ సూత్రం రాసి ఉందో చూసి, యాప్‌లోనూ అదే పెట్టుకోండి. మధ్యలో మార్చకండి. సూత్రం మారినందుకు వచ్చిన తేడాను జబ్బు ముదిరిందనో తగ్గిందనో అనుకునే ప్రమాదం ఉంది. అంకెలు ఎక్కించేటప్పుడు రెండు తప్పులు తరచుగా జరుగుతాయి. యాప్‌లో ముందే 'పురుషుడు' అని ఉంటే, మార్చకుండా వదిలేస్తారు. అలా వదిలితే మీ 44 కాస్తా 58 అయిపోతుంది. రెండోది కొలమానం. మీ 1.4 డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంది. మైక్రోమోల్స్ అడిగే యాప్ అయితే 88.4తో గుణించి 124 అని వేయాలి.

పరీక్షకు ముందు 12 గంటలు మాంసం తినకండి, ముందురోజు భారీ వ్యాయామం వద్దు. రెండూ క్రియాటినిన్‌ను తాత్కాలికంగా పెంచగలవు. కండల కోసం క్రియాటిన్ పొడి వాడేవారికీ ఇదే ఇబ్బంది. ఇంకో మాట. ఈజీఎఫ్‌ఆర్ ఒక్కటే సగం కథ. మూత్రంలో ఆల్బుమిన్ (ఒక రకం ప్రొటీన్)-క్రియాటినిన్ నిష్పత్తి, అంటే ఏసీఆర్, కూడా ఉంటేనే మీ ముప్పు ఎంతో తెలుస్తుంది. అది గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. 300 దాటితే బాగా ఎక్కువ. ఆ పరీక్ష ఇంతవరకు చేయించుకోకపోతే ముందు ఆ పని చూడండి.

ప్రశ్న: డైట్ యాప్‌లో రోజూ తిన్నదంతా నమోదు చేస్తున్నాను. పొటాషియం 900 మిల్లీగ్రాములు దాటడం లేదు. అయినా నిన్నటి రక్త పరీక్షలో 5.8 ఉంది. ఎక్కడ తప్పు జరుగుతోంది?

జవాబు: ముందుగా, ఈ రిపోర్టును ఇవాళే మీ డాక్టరుకు చూపించండి. పొటాషియం పెరిగితే గుండె లయ దెబ్బతింటుంది. కండరాల బలహీనత, గుండె దడ, తలతిరుగుడు ఉంటే ఫోన్ చేసి ఎదురుచూడకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి. రక్తం తీసేటప్పుడు కణాలు చితికినా ఈ అంకె పెరుగుతుంది కాబట్టి మళ్లీ పరీక్ష చేయించమనవచ్చు. ఆ నిర్ణయం డాక్టరుది.

ఇక యాప్ సంగతి. చాలా ఆహార యాప్‌లలో పదార్థాల వివరాలు ఎక్కించేది వాడకందారులే. వాళ్లు ప్యాకెట్ మీది కేలరీలు, ప్రొటీన్, కొవ్వు ఎక్కించి ఊరుకుంటారు. పొటాషియం, ఫాస్ఫరస్ ప్యాకెట్ మీద ఉండాలని చాలాచోట్ల నియమమే లేదు. అందుకని ఆ గడి ఖాళీగా ఉంటుంది, యాప్ ఆ ఖాళీని సున్నాగా కూడేస్తుంది. మీ 900లో ఇలాంటి సున్నాలు ఎన్ని ఉన్నాయో చూడండి. పదార్థం మీద నొక్కి పూర్తి వివరాలు తెరవండి. పొటాషియం దగ్గర గీత గానీ ఖాళీ గానీ ఉంటే ఆ నమోదును వదిలేసి, ప్రభుత్వ ఆహార పట్టికల నుంచి తీసుకున్న దాన్ని ఎంచుకోండి. పచ్చిదా, ఉడికించిందా అన్నది కూడా సరిచూడండి. ముక్కలుగా కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీరు పారబోస్తే కూరగాయల్లో పొటాషియం తగ్గుతుంది. అదే నీటితో వండుకుంటే తగ్గదు.

తర్వాత ఇంట్లో వాడే ఉప్పు డబ్బా చూడండి. 'తక్కువ సోడియం' ఉప్పుల్లో సోడియం స్థానంలో వేసేది చాలావరకు పొటాషియం క్లోరైడే. బీపీకి మంచిదని కొన్న ఆ ఉప్పు మీకు హాని చేయవచ్చు, యాప్‌లో మాత్రం అది 'ఉప్పు' అనే నమోదవుతుంది. ప్యాకెట్ ఆహారాల్లో 'ఫాస్ఫేట్' అని వచ్చే పదార్థం ఉంటే పక్కన పెట్టండి. సహజంగా ఆహారంలో ఉన్న ఫాస్ఫరస్ కంటే ఇలా కలిపినది చాలా ఎక్కువ భాగం ఒంటికి పడుతుంది.

తిండి ఒక్కటే కారణం కాకపోవచ్చు. రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి బీపీ మందులు, స్పైరోనోలాక్టోన్, కొన్ని యాంటీబయాటిక్స్, మలబద్ధకం, రక్తంలో ఆమ్లం పెరగడం కూడా పొటాషియాన్ని పెంచుతాయి. అందుకే రిపోర్టుతోపాటు మందుల పట్టీలన్నీ ఫొటో తీసి తీసుకెళ్లండి. బీపీ మందును మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

రోజూ నమోదు చేస్తూ విసిగిపోయే బదులు నెలకు మూడు రోజులు, అందులో ఒకటి సెలవు రోజు, వంటింటి త్రాసుతో తూచి రాయండి. మా ఉద్దేశంలో ఆ మూడు రోజుల నిజం ముప్పై రోజుల ఉజ్జాయింపు కంటే మేలు. యాప్ పెట్టిన లక్ష్యాలనూ మార్చుకోండి. అవి ఆరోగ్యవంతుల కోసం, చాలాసార్లు వ్యాయామం చేసేవారి కోసం పెట్టినవి. డయాలసిస్ లేని 3 నుంచి 5 దశల వారికి సాధారణంగా చెప్పే ప్రొటీన్ కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాములు, అంటే 60 కిలోలకు 48 గ్రాములు. డయాలసిస్ మొదలయ్యాక ఇంతకంటే ఎక్కువ కావాలి. సోడియం 2 గ్రాముల లోపు, అంటే 5 గ్రాముల ఉప్పు. యాప్ సోడియం అడుగుతోందో ఉప్పు అడుగుతోందో చూడకపోతే లెక్క రెండున్నర రెట్లు తప్పుతుంది. గంటగంటకూ నీళ్లు తాగమనే హెచ్చరికను ఆపేయండి. మీరు ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి.

ప్రశ్న: చేతి గడియారంలో బీపీ చూసుకుంటే చాలదా?

జవాబు: చాలదు. కఫ్ (చేతికి చుట్టే గాలి పట్టీ) లేని పరికరాలతో బీపీ మందు మార్చే నిర్ణయం తీసుకోకూడదు. పైచేతికి కట్టే, ప్రామాణిక పరీక్షల్లో నెగ్గిన పరికరం కావాలి. అలాంటివాటి జాబితా స్ట్రైడ్ బీపీ సైట్‌లో ఉంటుంది. ముందు మీ చేతి చుట్టుకొలత టేపుతో కొలిచి దానికి సరిపోయే కఫ్ తీసుకోండి. కఫ్ చిన్నదైతే బీపీ లేనిపోనిది ఎక్కువ చూపుతుంది.

చూసుకునే ముందు అరగంట కాఫీ, పొగ, వ్యాయామం వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చేయి గుండె ఎత్తులో ఉండాలి. ఉదయం మందు వేసుకోకముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం విరామం. ఇలా ఏడు రోజులు చూసి, మొదటి రోజువి తీసేసి, మిగతావాటి సగటు డాక్టరుకు చూపించండి. ఎక్కువ వచ్చినవి చెరిపేస్తే ఆ సగటుకు విలువ లేదు. డయాలసిస్ కోసం ఫిస్టులా (ధమనిని సిరతో కలిపే ఆపరేషన్) వేసిన చేతికి కఫ్ కట్టకూడదు.

ప్రశ్న: మా అమ్మకు 4వ దశ కిడ్నీ జబ్బు. నేను దూరంగా ఉంటాను. ఆమె ఫోన్‌లో మందుల అలారం పెట్టాను. ఇంకేం చేయాలి?

జవాబు: ఆ అలారానికి మీ అమ్మగారి పరిస్థితి తెలియదు. వాంతులు, విరేచనాలతో నీరసపడి ఉన్నా మోగుతుంది, ఆమె మాత్ర వేసుకుంటారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కొన్ని బీపీ మందులు, మూత్రం ఎక్కువ పోయే మాత్రలు, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటివి ఇబ్బంది తెస్తాయి. అలాంటి రోజుల్లో ఏవి ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలెట్టాలి అన్నది డాక్టరుతో ఇప్పుడే రాయించుకోండి. స్టెరాయిడ్లు వాడుతుంటే అవి ఎట్టి పరిస్థితుల్లోనూ ఉన్నట్టుండి ఆపకూడదు. ఆ చీటీ ఫొటో ఆమె ఫోన్ మొదటి తెర మీదే పెట్టండి. అలారం పేరులో 'వాంతులు, విరేచనాలుంటే ఆగు, నాకు ఫోన్ చెయ్యి' అని రాయండి. నొప్పి మాత్రల జాబితా కూడా చేర్చండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి ఆమె వాడకూడదు.

మిగతాదానికి ప్రత్యేక యాప్ అక్కర్లేదు, ఇద్దరూ తెరవగలిగే ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. తేదీ, ల్యాబ్, క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్, పొటాషియం, హిమోగ్లోబిన్, ఏసీఆర్, బరువు, చివరన 'ఏం మారింది' అనే గడి. కొత్త మందు, జ్వరం, ఆసుపత్రి చేరిక అన్నీ ఆ చివరి గడిలో రాయాలి. అంకె ఎందుకు మారిందో డాక్టరుకు తెలిసేది అక్కడే. ఉదాహరణకు రామిప్రిల్ లాంటి మందు మొదలెట్టిన నాలుగు వారాల్లో క్రియాటినిన్ 30 శాతం వరకు పెరగడం ఊహించిందే. మందు తేదీ లేకపోతే అది జబ్బు ముదిరినట్టు కనిపిస్తుంది.

ఈజీఎఫ్‌ఆర్ గత పరీక్ష కంటే 20 శాతం మించి తగ్గినా, ఏసీఆర్ రెట్టింపైనా, బరువు రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగి కాళ్లు వాచినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. బరువు రోజూ ఉదయం మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే త్రాసు మీద చూడమనండి. ఊపిరి ఆడకపోతే షీట్ నింపుతూ కూర్చోవద్దని, వెంటనే ఆసుపత్రికి బయలుదేరమని ముందే చెప్పి ఉంచండి.