బరంపురం మామ్మకి కార్డు చేస్తున్నావటగా!

అమ్మలూ,

బరంపురం మామ్మ పుట్టినరోజుకి నువ్వే సొంతంగా కార్డు చేసి పోస్టులో పంపుతానన్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. తెరిస్తే పువ్వులు లేచి నిలబడే కార్డట. పర్లాకిమిడిలో రిజిస్టర్లు, ఖాతా పుస్తకాలు కుట్టి, అతికించి బతికినవాణ్ణి. మన ఇంట్లో మళ్లీ ఒకరు కాగితం పట్టారంటే పొంగిపోనా? పొంగిపోయాను. ఆ వెంటనే గుబులు కూడా పట్టుకుంది. ఇదంతా ఫోన్‌లో చెప్తే నువ్వు "ఊ, ఊ" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

ముందు కట్టరు. ప్లాస్టిక్ స్కేలు ఆనించి కొయ్యకు. బ్లేడు దాన్ని చెక్కుకుంటూ పైకెక్కి నేరుగా వేలి మీదికొస్తుంది. స్టీలు స్కేలు కొనుక్కో. ఒక్క వేటుకే తెగాలని బలం పెట్టకు, మెల్లగా మూడు నాలుగు సార్లు లాగితే అదే విడిపోతుంది. పదును తగ్గితే బ్లేడు కొస తుంచి పారెయ్యి, మొద్దు బ్లేడే ఎక్కువ ప్రమాదం. మా షాపులో పనిచేసిన ఒక కుర్రాడికి చూపుడువేలి కొసకి ఆ తరవాత వేడీ చల్లా తెలిసేది కాదు. బ్లేడు లోపలికి నెట్టాకే ఫోన్ ఎత్తు. నవ్వకు. ఫోన్ మోగితే చేతిలో ఏముందో మర్చిపోయే రకం నువ్వు, అచ్చం మీ తాతే.

ఇక అట్ట. కొట్టువాడు ఏ4 సైజు కార్డు షీట్లు ఇస్తాడు, అవి తీసుకోకు. కాగితానికి వాటం ఉంటుంది, మేం గ్రెయిన్ అనేవాళ్లం. మీ రాయగడ పక్కన జేకేపూర్‌లో పేపర్ మిల్లు ఉంది కదా, అలాంటి చోట నీళ్లగా కలిపిన గుజ్జుని పరుగెత్తే జల్లెడ మీద పోస్తారు. జల్లెడ ఎటు పరుగెడితే పీచు ఎక్కువగా అటే పడుకుంటుంది. పీచు వెంట మడిస్తే మడత నున్నగా వస్తుంది. అడ్డంగా మడిస్తే దళసరి అట్ట పగిలి తెల్లగా పొరలు లేస్తాయి. ఏ4లో పీచు మామూలుగా పొడవు వెంటే ఉంటుంది, నువ్వు దాన్ని సగానికి మడిచావంటే సరిగ్గా పీచుకి అడ్డం పడ్డట్టే. అందుకని పెద్ద షీటు, 250 జీఎస్‌ఎమ్‌కి (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో, అట్ట మందానికి గుర్తు) అటూఇటూగా ఉన్నది తెచ్చి, కావలసిన వాటంలో కోసుకో. వాటం తెలియాలంటే షీటు మూల నుంచి చిన్న చదరం కోసి, ఎటు నుంచి కోశావో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ఒక వైపు మాత్రం తడి చెయ్యి. కాసేపటికి గొట్టంలా చుట్టుకుంటుంది. గొట్టం పొడవు ఎటుంటే పీచు అటు.

లేచే బొమ్మకి, మడిచిన వైపు నుంచి రెండు సమానమైన కోతలు కోసి మధ్య పట్టీని లోపలికి తోస్తావు, పువ్వు ఆ పట్టీకే అంటిస్తావు. దానికి లెక్క ఒక్కటే. మూసిన కార్డు వెడల్పు 5 అంగుళాలైతే, మడత నుంచి కోత 2 అంగుళాలు దాటకూడదు. లోపలికి తోసి కార్డు మూస్తే ఆ పట్టీ మడత నుంచి రెట్టింపు దూరం ముందుకొస్తుంది, పైన అంటించే పువ్వుకి మిగిలేది అంగుళమే. ముందు పనికిరాని కాగితంతో ఒకటి చేసి చూసుకో. అతకడానికి ఫెవికాల్ చాలు, అగ్గిపుల్లతో పల్చగా రాసి రాత్రంతా బరువు కింద పెట్టు. మేం పురుగు పట్టకుండా మైదా లయిలో మైలుతుత్తం కలిపేవాళ్లం. అది విషం, మీ తమ్ముడు తిరిగే ఇంట్లో వద్దు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి, పోస్టు.

మామ్మ కోసం ఇంతకు ముందు కూడా ఒక కార్డు బయల్దేరింది. చేరలేదు. చేసింది మీ తాత, అంటే మా అన్నయ్య. అప్పట్లో సునాబెడ ఫ్యాక్టరీలో కొత్తగా చేరాడు. మా అప్పకి, అంటే మీ బరంపురం మామ్మకి, పెళ్లయి అక్కడికి వెళ్లి ఏడాది కూడా కాలేదు. మా అప్ప కార్తీక పున్నమినాడు పుట్టింది. ఆ రోజు తెల్లారకముందే ఒడిశా అంతా చెరువుల్లో, నదుల్లో చిన్న చిన్న పడవలు వదులుతారు కదా, చిన్నప్పుడు అవన్నీ తన పుట్టినరోజుకే అనుకునేది. అందుకని అన్నయ్య పడవ చేశాడు. తెరిస్తే తెరచాపతో సహా లేచేదట. అంతటితో ఊరుకున్నాడా? తెరచాప నిండా అద్దం ముక్కలు, కింద అట్ట మీద అట్ట. కవరు ఉబ్బిపోయింది. దానికి మామూలు ఉత్తరానికి అంటించే స్టాంపు ఒక్కటి అంటించి డబ్బాలో పడేశాడు. వెనక తన అడ్రసు కూడా రాయలేదు. అప్ప విప్పేదాకా ఎవరు పంపారో తెలియకూడదట!

బరువెక్కువై బేరింగ్ అయింది. తక్కువపడ్డ స్టాంపుకి రెట్టింపు, అందుకునేవాళ్లు కట్టాలి. "పేరూ ఊరూ లేని కవరుకి మేం డబ్బులు కట్టడమేంటి" అని అప్ప అత్తగారు పోస్టుమేన్‌ని గుమ్మంలోంచే పంపేసింది. అప్ప పెరట్లో ఉంది. ఆవిడకి ఎవరూ చెప్పలేదు. వెనక్కి రావడానికి కవరు మీద అడ్రసు లేదు, ఎక్కడ పోయిందో పోయింది. అంత కష్టపడి చేస్తే ఒక్క ముక్క రాయలేదేమని అన్నయ్య అలిగాడు. పుట్టినరోజుకి ఉత్తరమైనా రాలేదని అప్ప అలిగింది. సంక్రాంతికి ఎదురుపడ్డా ముక్తసరి మాటలే. నోరు విప్పి అడిగిందెవరు? మన ఇంటి జబ్బే అది, నీకూ ఉంది. చాలా ఏళ్ల తరవాత ఆ అత్తగారే ఏవో మాటల్లో, అప్పుడెప్పుడో లోపల గలగలమనే కవరొకటి వచ్చిందని అంటే అప్పుడు తెలిసింది. అన్నయ్య నవ్వేసి ఊరుకున్నాడు. మళ్లీ చెయ్యమంటే చెయ్యలేదు. తను పోయాక అప్ప నన్ను అడుగుతూ ఉంటుంది, "ఆ పడవకి ఏం రంగు వేశాడ్రా" అని. నాకు తెలిస్తే కదా.

కాబట్టి నీ కార్డు డబ్బాలో వెయ్యకు. కౌంటర్ దగ్గర తూకం వేయించి స్పీడ్ పోస్టు చెయ్యి. పాతకాలంవాళ్లు ఎవరైనా రిజిస్టర్ చెయ్యమంటే అది ఇప్పుడు విడిగా లేదు, 2025లో స్పీడ్ పోస్టులోనే కలిపేశారు. రసీదు ఫొటో నాకు పంపు. అద్దాలు, పూసలు, బటన్లు వద్దే వద్దు. క్విల్లింగ్ పువ్వులు, అంటే సన్నటి కాగితం పట్టీలు చుట్టి చేసేవి కూడా చేతికిచ్చే కార్డుకే బాగుంటాయి, పోస్టు సంచిలో చితికిపోతాయి. మడతపడి పడుకునే బొమ్మే పోస్టుకి సరైనది, అది నీకు ముందే తట్టినందుకు సంతోషించాను. అడ్రసు ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయి, పిన్ మర్చిపోకు. వెనక మీ అడ్రసు పెద్దగా రాయి, సర్‌ప్రైజ్ గిర్‌ప్రైజ్ అనకు. ఇంకో సంగతి, కార్తీక పున్నమే గురునానక్ జయంతి, పోస్టాఫీసుకి సెలవు. వారం ముందే పంపితే నాకు టెన్షన్ ఉండదు.

లోపల రాసేది మాత్రం తెలుగులోనే రాయి. ఒడియా మీడియం పిల్లవి, ఒత్తులు తప్పుతాయని మీ నాన్న అన్నాడు. తప్పనీ. ఫోన్‌లో దొరికే కవిత్వం ఎక్కించావంటే మాత్రం నేనే వచ్చి చింపేస్తాను. మామ్మకి చూపు తగ్గింది, పెద్ద అక్షరాలు, నల్ల సిరా. బొమ్మలు అతికించక ముందే రాసెయ్యి, తరవాత చెయ్యి ఆనించడానికి చోటుండదు.

ఈ కథ విన్నాక పువ్వులు మానేసి పడవ చేద్దామని నీకు అనిపిస్తుంది, నాకు తెలుసు. వద్దు. ఆ పడవ మీ తాత బాకీ, నీది కాదు. నీ పువ్వులు నువ్వు చెయ్యి.

మడతకి గీత వెయ్యడానికి నా కొమ్ము ముక్క పంపుతున్నాను, ఇక్కడి కొమ్ముపనివాళ్లు చేసిందే. గుండ్రటి కొనతో గీత నొక్కు, పల్చటి అంచుతో మడత రుద్దు. గాడి పడ్డ వైపు మడతకి బయట ఉండాలి, చాలామంది తిరగేసి చేస్తారు. వేడినీళ్లలో కడగకు, వంకరపోతుంది. గుణుపురం మీదుగా వచ్చే బస్సు డ్రైవరుకి ఇస్తాను, మీ నాన్న వెళ్లి తెచ్చుకుంటాడు. అంత రాత్రప్పుడు బస్టాండుకి నువ్వు బయల్దేరకు.

మీ చిన్నతాత