ముందు అద్దం మీద గీతల గురించి బుజ్జమ్మకు

చి. ల. సౌ. బుజ్జమ్మకు పెద్దమామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నావట, ముందు అద్దం నిండా వైపరు గీతలున్నాయట, పాలిష్ పౌడరు తెప్పించి ఆదివారం నువ్వే పట్టేస్తానన్నావట. నా గుండె నిండిపోయిందే తల్లీ. ముప్పై ఆరేళ్ళు ఆటోనగర్‌లో అద్దాల పని చేశాను. మా ఇద్దరబ్బాయిల్లో ఒక్కడు కూడా ఆ పొడి చేత్తో తాకలేదు. ఆ సంతోషంతోనే పడుకున్నాను. రెండింటికి మెలకువ వచ్చింది. ఆ గీతలు అద్దానికి ఏ పక్కనున్నాయో మీ అమ్మని అడగనేలేదు. ఇక తెల్లారేదాకా నిద్ర లేదు. ఫోన్లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, రెండుసార్లు చదువు.

ముందు వైపరు రబ్బర్లు కొత్తవి వేయించు. పాతవాటిని ఉంచుకుని పాలిష్ పట్టడం దండగ.

తర్వాత గీత మీద గోరు అడ్డంగా నడిపించు. గోరు జారిపోతే పొడితో పోతుంది. గోరు ఆగితే దాన్ని ముట్టుకోకు. ఆ ఆగిన గీత స్టీరింగు ఎదురుగా ఉంటే మాత్రం నా మాట విని అద్దమే మార్పించు. ఇన్సూరెన్స్ కాగితం తీసి చూసుకో, అద్దం అందులోకి వస్తుందేమో. ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్పాలంటే 1986 సంగతి చెప్పాలి. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

అప్పటికి నేను పనిలో చేరి ఎనిమిదేళ్ళు. చెయ్యి తిరిగిందన్న ధీమా ఉండేది. ఒక లారీ డ్రైవరు వచ్చాడు, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. సరిగ్గా ఆయన కళ్ళకెదురుగా జానెడు గీత. గోరు పెడితే టక్కున ఆగింది. మా మేస్త్రి ఆ రోజు లేడు. ఉంటే వద్దనేవాడు. నేను ఒప్పుకున్నాను. ఫెల్ట్ బిళ్ళ, అంటే మిషనుకి తగిలించి తిప్పే ఒత్తిన ఉన్ని బిళ్ళ, అక్కడే పెట్టి గంటన్నర పట్టాను. గీత పోయింది. తుడిచి చూస్తే అక్కడ గీత ఉండేదని నాకే తెలియనంత శుభ్రంగా ఉంది. డ్రైవరు అయిదు రూపాయలు ఎక్కువ ఇచ్చాడు. ఇంటికెళ్ళి మీ అత్తయ్యకి గొప్పగా చెప్పాను.

పది రోజుల తర్వాత చీకటి పడ్డాక వచ్చాడు. కేకలు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. "రా తమ్ముడూ, ఓసారి కూర్చో" అని నన్ను లారీ ఎక్కించుకుని, ఊరు దాటాక హైవే పక్కన ఆపి, తను దిగి, తన సీట్లో నన్ను కూర్చోబెట్టాడు. ఎదురుగా ఒక బస్సు వస్తోంది. రెండు లైట్లు చక్కగానే కనిపిస్తున్నాయి. అవి నేను పట్టిన చోటికి రాగానే ఒకటి సాగింది, వణికింది, చటుక్కున పక్కకు గెంతింది. ఆ చోటు దాటగానే మళ్ళీ మామూలే. తల కాస్త కదిపితే రోడ్డు అంచు నీళ్ళలో పెట్టిన కర్రలా వంగుతోంది. ఏలూరు దగ్గర ఎడ్లబండి ఇరుసుకి కట్టిన లాంతరు ఆయనకి అలాగే కనిపించిందట. బండి ఉన్నదొకచోట, కనిపించిందొకచోట. గజం దూరంలో బ్రేకు పడింది. బండివాడు గడ్డి మీద నిద్రపోతున్నాడట, లేవను కూడా లేవలేదట. "గీత ఉన్నప్పుడు గీత ఉందని తెలిసేది తమ్ముడూ. ఇప్పుడు అద్దం బాగానే ఉందనిపిస్తోంది, రోడ్డే కదులుతోంది" అన్నాడు. నా నోట మాట రాలేదు.

మీ అత్తయ్య చేతి గాజులు కుదవపెట్టి కొత్త అద్దం వేయించాను. అవి విడిపించడానికి సంవత్సరం పట్టింది. ఒక్కరోజు కూడా దెప్పలేదు ఆ మహాతల్లి. ఇప్పటికీ రాత్రిపూట ఎవరి కారెక్కినా డ్రైవరు పక్కన కూర్చుని అద్దంలోంచి ఎదురు లైట్లు చూస్తూనే ఉంటాను.

జరిగిందేమిటంటే, గీతని చెరపడమంటూ ఉండదమ్మా. గీత అడుగు ఎంత లోతుందో దాని చుట్టూ ఉన్న అద్దాన్ని అంతవరకూ దించడమే పాలిష్. ఒకేచోట దించితే గుంట పడుతుంది, గుంట పడిన అద్దం కళ్ళజోడు అద్దమైపోతుంది. పగలు తెలియదు. రాత్రి చిన్న చిన్న లైట్లే పట్టిస్తాయి. పైగా కారు ముందు అద్దం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి వంకర ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. అందుకని గీత జానెడుంటే నువ్వు పట్టే చోటు మూడు జానలుండాలి. మధ్యలో ఎక్కువ, అంచులకి పోనుపోను తక్కువ. బిళ్ళ పూర్తిగా ఆనాలి, అంచు మీద వాల్చకూడదు, ఒక్క క్షణం కూడా నిలపకూడదు. పది నిమిషాలకోసారి తుడిచి, లోపల కూర్చుని, ఎదురుగా టైల్సు గోడో కిటికీ ఊచలో చూస్తూ తల అటూ ఇటూ తిప్పు. ఊచ వంగినట్టు కనిపించిందా, అక్కడితో ఆపెయ్. మిగిలిన గీతతో హాయిగా బతకొచ్చు.

ఇంక నీళ్ళు. నువ్వు తెప్పించిన ఆ పాలిష్ పౌడరు, అదే సీరియం పొడి, అద్దాన్ని గీకుతుందని నేనూ చాలా ఏళ్ళు అనుకున్నాను. ఒట్టి గీకుడు కాదట. నీళ్ళు అద్దం పై పొరని మెత్తబరిస్తే, ఆ పొరని పొడి పట్టుకుని లాక్కుపోతుందని మా పెద్దాడు చదివి చెప్పాడు. మేస్త్రి చదువుకోకపోయినా "తడి ఆరితే చెయ్యి తియ్" అని రోజూ అరిచేవాడు. నీళ్ళు కలిపితే చిక్కటి పాలలా ఉండాలి. పొడి అడుక్కి దిగుతుంది, మాటిమాటికీ కలుపుకో. ఆరుతుంటే నీళ్ళు చిమ్ముకో. మధ్యమధ్య అరచెయ్యి వెనక్కి తిప్పి అద్దానికి ఆనించు, గోరువెచ్చన దాటితే ఆపి చల్లారనివ్వు. కాలిన అద్దం మీద చన్నీళ్ళు పోశావో, పటుక్కుమంటుంది. నీ కారు ముందు అద్దం రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది కాబట్టి ముక్కలై మీద పడదు గానీ పగులు మాత్రం ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పాకుతుంది. హైదరాబాద్ ఎండలో పెట్టుకోకు. నీడలో, పొద్దున్నే గానీ ఎండ దిగాక గానీ.

యాంగిల్ గ్రైండర్ ముట్టుకోకు. అది నిమిషానికి పదకొండు వేల చుట్ల దాకా తిరుగుతుంది. నీకు వెయ్యి, వెయ్యిన్నర చాలు. బ్యాటరీ డ్రిల్లు తీసుకో. కరెంటు వైరు, తడి చేతులు, కారు ఇనుము, ఈ మూడూ ఒకచోట ఉన్నాయంటే నాకు కాళ్ళు చల్లబడతాయి. ఇందులో వాదించకు.

మూతికి మాస్కు, కళ్ళకి అద్దాలు. బానెట్ మీద పాత దుప్పటి. పొడి రబ్బరు బీడింగులో ఆరితే నాలుగు వానలకి కూడా పోదు. గీతల్ని లోపలివైపు నుంచి స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకో, పాలిష్ పూశాక ఏదెక్కడో కనిపించదు. టూత్‌పేస్టు పెడితే పోతుందని ఎవరైనా చెబితే వినకు, అది ప్లాస్టిక్‌కే గానీ అద్దానికి పనిచేయదు. కళ్ళజోడు మీద, ఫోను మీద ఈ పొడి ప్రయోగించకు, పై పూత లేచిపోతుంది.

ఒక్కటి మాత్రం మీ అత్తయ్య పని. పొడిని ఆవిడ వస్త్రగాళితం పట్టేది, ముక్కుపొడిలా. పాత వాయిల్ చీర ముక్క గిన్నె మీద బిగించి, చెంచాడు చెంచాడు వేసి, వేళ్ళతో నెమ్మదిగా రుద్దేది. గుడ్డ మీద ఒక్క రేణువు మిగిలినా తీసి పారేసేది. అద్దం కంటే ఇసుక గట్టిది. గట్టిదనాన్ని చెప్పే మోస్ కొలతలో అద్దం అయిదున్నర దగ్గరుంటే ఇసుక 7. పాలిష్‌లో ఒక్క ఇసుక రేణువు పడిందంటే నువ్వు పోగొట్టే గీతల కంటే వేసే గీతలు ఎక్కువవుతాయి. బిళ్ళ కింద పడితే దులిపి వాడకు, కొత్తది తీసుకో. గీత మీద పొడి పెట్టేముందు అద్దాన్ని మూడుసార్లు కడుగు.

నీకు గుర్తుందా, నీ అయిదో ఏట భీమిలి వెళ్ళినప్పుడు ఆ నల్ల ఇసుక గౌను జేబుల నిండా నింపుకుని, మెరుస్తోందని నా షాపుకి తెచ్చి పాలిష్ బల్ల మీద కుమ్మరించావు. నిన్ను గట్టిగా కసిరాను. ఏడ్చుకుంటూ అత్తయ్య ఒళ్ళో దూరావు. ఆ సాయంత్రమే నీకు జీళ్ళు కొనిచ్చాను గానీ, కసిరిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. భీమిలి ఇసుకలో మోనజైట్ అని ఒక ఖనిజం ఉంటుందనీ, సీరియం దొరికేది అలాంటి ఖనిజంలోనేననీ చాలా ఏళ్ళకి తెలిసింది. చిన్నపిల్లవి నా పనికి పనికొచ్చేదే తెచ్చావు కదా అనిపించింది.

ఈ ఆదివారం కారు జోలికి పోకు. ఏ పాత కిటికీ అద్దమో తెచ్చుకుని, దాని మీద నువ్వే గీత గీసి, పట్టి చూసుకో. బస్సు పార్సిల్లో నా దగ్గర మిగిలిన మూడు ఫెల్ట్ బిళ్ళలు, అత్తయ్య పొడి జల్లించిన చీర ముక్క పంపుతున్నాను. ఆ పై ఆదివారం పొద్దున శాతవాహన రైలెక్కి నేనే వస్తాను. మధ్యాహ్నం తిని కూర్చుందాం. ఎండ దిగాక నువ్వు పాలిష్ పట్టు, నేను నీళ్ళు చిమ్ముతాను. చీకటి పడ్డాక కారు రోడ్డు పక్కన ఆపి డ్రైవరు సీట్లో నన్ను కూర్చోబెట్టు. ఎదురు లైట్లు నేను చూశాకే నువ్వు తాళం తీసుకో.

మీ అమ్మకి ఆ ఎడ్లబండి సంగతి చెప్పకు.

పెద్దమామయ్య