ఆపరేషన్ అయ్యాక నాన్న ఏదేదో మాట్లాడుతున్నారు, పిచ్చి పట్టిందా డాక్టర్?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్ళు. బాత్రూమ్‌లో జారిపడి తుంటి విరిగితే ఆపరేషన్ చేయించాం. రెండో రాత్రి నుంచి మనిషి మారిపోయారు. సెలైన్ సూది పీకేస్తున్నారు, ఎప్పుడో పోయిన మా పెదనాన్నతో మాట్లాడుతున్నారు, బస్సు వెళ్ళిపోతోంది అంటూ దుప్పటి మూట కడుతున్నారు. పొద్దునకి మళ్ళీ కాస్త మామూలే. మత్తుమందు ఎక్కువైందని కొందరు, గాలి సోకిందని మా మేనత్త. నిన్న రాత్రి చేతులు మంచానికి కట్టేశారు. పిచ్చి పట్టిందా? - ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పిచ్చీ కాదు, గాలీ కాదండీ. దీన్ని డెలిరియం అంటాం, మన పెద్దవాళ్ళు సంధి ప్రేలాపన అనేది దాదాపు ఇదే. మతిమరుపు జబ్బయితే నెలలు, ఏళ్ళ మీద వస్తుంది, ఇది గంటల్లో, ఒకట్రెండు రోజుల్లో వచ్చి పడుతుంది, పైగా పొద్దున ఒకలా రాత్రికి ఒకలా ఉంటుంది. చిన్న టెస్ట్ చేసి చూడండి, వారాల పేర్లు శనివారం నుంచి వెనక్కి చెప్పమనండి, మొన్నటిదాకా చెప్పగలిగిన మనిషి మధ్యలో దారి తప్పి ఇంకేదో మొదలుపెడితే అనుమానించాల్సిందే.

గోల చేసేవాళ్ళని అందరూ పట్టించుకుంటారు, నా భయం గోల చెయ్యనివాళ్ళ గురించి. మా వార్డులో ఒకావిడ ఉండేది, "మామ్మ బంగారం, అస్సలు విసిగించదు" అని అందరూ మెచ్చుకునేవాళ్ళు, పలకరిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసేది, అన్నం నోట్లోనే ఉండిపోయేది. చూస్తే పొత్తికడుపు గట్టిగా ఉబ్బి ఉంది, యూరిన్ ఆగిపోయింది! అదీ డెలిరియమే.

మత్తుమందు ఒక్కదాని మీదే తోసెయ్యకండి. ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, ఆక్సిజన్ తగ్గడం, ఒంట్లో నీరు చాలకపోవడం, నొప్పి తగ్గకపోవడం, నాలుగురోజులుగా విరేచనం కాకపోవడం, వీటిలో ఏదైనా కావచ్చు, చాలాసార్లు రెండు మూడు కలిసే ఉంటాయి. నిద్ర పట్టడం లేదని వేసే అల్ప్రజోలం, దురదకి వేసే అవిల్ కూడా ముసలివాళ్ళలో ఇలా చేస్తాయి, కాబట్టి ఇంట్లో వాడే మాత్రలతో సహా మొత్తం లిస్ట్ డాక్టర్ ముందు పెట్టండి. ఇంకోటి, మొహమాటపడకుండా చెప్పాల్సింది, నాన్నగారికి రోజూ మద్యం తాగే అలవాటుంటే అది ఆగిన రెండు మూడు రోజులకి వచ్చే డెలిరియం వేరు, దాని ట్రీట్‌మెంట్ వేరు, ప్రాణం మీదకి కూడా వస్తుంది, వెంటనే చెప్పెయ్యండి.

కట్టెయ్యడం మాత్రం మాన్పించమని అడగండి, కడితే ఇంకా రెచ్చిపోతారు. దానికి బదులు ఇంట్లోవాళ్ళే ఒకరు పక్కన కూర్చోండి, రోజుకో కొత్త మొహం కాకుండా. కళ్ళజోడు, చెవి మిషన్, పళ్ళసెట్టు ఇంట్లో సంచిలో పెట్టి వచ్చుంటారు, అవి తెచ్చివ్వండి, చూపు ఆనక, మాట వినపడక సగం తికమక. కనపడేలా గోడ గడియారం, పగలు కిటికీ తెరిచి వెలుతురు, రాత్రి లైట్లు తగ్గించి నిద్ర, డాక్టర్ ఒప్పుకుంటే పగలు లేపి నాలుగడుగులు నడిపించడం, అవసరం తీరిన యూరిన్ పైపు తీసేయించడం, చూడ్డానికి చిల్లరగా ఉన్నా ఇవే మందు. అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్ళు ఇలాంటివే 70 దాటిన పేషెంట్లకి ముందునుంచే చేసి చూశారు, 1999లో వచ్చిన ఆ లెక్కల ప్రకారం మామూలు వార్డులో 15 శాతం మందికి డెలిరియం వస్తే వీళ్ళలో 9.9 శాతానికే వచ్చింది.

బస్సు వెళ్ళిపోతోంది అంటే ఇక్కడ బస్సేంటి అని వాదించొద్దు, అలాగని టికెట్ తీశానని కూడా అనొద్దు. "నాన్నా, నేను మీ పక్కనే ఉన్నా, ఇది హాస్పిటల్, కాలికి ఆపరేషన్ అయింది" అని మెల్లగా చెయ్యి పట్టుకుని చెప్పండి, పదిసార్లయినా. గోల తగ్గించడానికి ఇచ్చే హలోపెరిడాల్ లాంటి మందులు తనకో పక్కవాళ్ళకో ప్రమాదం అన్నప్పుడే, అదీ చిన్న డోసులో, కొద్దిరోజులు. పార్కిన్సన్స్, అంటే వణుకుడు జబ్బు ఉంటే అసలు వద్దు.

ఎక్కువమందికి కారణం దొరికితే కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది, కొందరికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఇంటికెళ్ళాక రెండు మూడు నెలలకి కూడా లెక్కలు, పేర్లు తప్పుతుంటే ఒకసారి న్యూరాలజిస్ట్‌కి చూపించండి. ఇకమీదట ఏ ఆపరేషన్ అయినా, చివరికి కంటి శుక్లానికైనా సరే, గతంలో ఇలా అయిందని మత్తు డాక్టర్‌కి ముందే చెప్పండి.