సిగ్నల్ పచ్చగా ఉన్నా, కింద మట్టి లేకపోవచ్చు

ప్రశ్న: పట్టాల మీద చుక్క నీరు లేకపోయినా వానాకాలంలో రాత్రిపూట రైళ్లు ఆపేస్తారు. సిగ్నల్ వ్యవస్థ ఉండగా ఇదెందుకు?
– ఒక పాఠకుడు, మహబూబాబాద్

జవాబు: సిగ్నల్‌కు తెలిసేది పట్టాల సంగతే, వాటి కింది మట్టి సంగతి కాదు. కల్వర్టు చాలకో, పూడుకుపోయో నీరు కట్ట మీదుగా పొర్లితే అవతలి వాలు కోసుకుపోతుంది. ముందు కంకర పోతుంది, తర్వాత మట్టి. పట్టాలు మాత్రం స్లీపర్లతో సహా బిగిసే ఉండి, అడ్డంగా పడుకోబెట్టిన నిచ్చెనలా గాల్లో వేలాడతాయి. పట్టా విరగలేదు కనుక సిగ్నల్ పచ్చగానే ఉంటుంది. ఇంజిన్ లైటు వెలుగులో లోకో పైలట్‌కూ లైను తిన్నగానే కనిపిస్తుంది. 2024 సెప్టెంబరు 1న మీ దగ్గరే ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాలు ఇలాగే వేలాడాయి.

అందుకే గస్తీ తిరిగే రైల్వే ఉద్యోగి, పెట్రోల్‌మన్, రాత్రంతా లైను వెంట నడుస్తాడు. కోత కనిపిస్తే అక్కడ ఎర్రదీపం పెట్టి, రైలు వచ్చే వైపు పరిగెత్తాలి. 600 మీటర్ల దగ్గర ఒక డిటోనేటర్, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మరో మూడు డిటోనేటర్లు పట్టాకు బిగించాలి. చక్రం కింద అవి పేలితే ఆపమని గుర్తు. వేగంగా వచ్చే రైలు నిలవడానికి కిలోమీటరు దాకా పడుతుంది మరి. వానలో, చీకట్లో, కంకర మీద ఆ పరుగు తీసే మనిషికి మనం ఎంతో రుణపడి ఉన్నాం.

లైనుకు ఎగువనున్న చెరువులది ఇంకా పెద్ద ముప్పు. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర చెరువు తెగి వచ్చిన వరద చిన్న వంతెనను ఊడ్చేసింది. డెల్టా ప్యాసింజర్ పట్టాలు తప్పి వందమందికి పైగా చనిపోయారు. ఇలాంటి చెరువుల జాబితా పెట్టుకుని, వానలకు ముందే నీటిపారుదల శాఖతో కలిసి కట్ట, తూము, మత్తడి (చెరువు నిండితే నీరు బయటికి పోయే అలుగు) చూస్తారు. అయితే తనిఖీ అయ్యాక ఎవరైనా మత్తడి మీద ఇసుక బస్తాలు పేరిస్తే అదంతా వృథా. అర అడుగు నీళ్ల కోసం చేసే పనే గండికి దారి. మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే కట్ట నిలవదు.

ప్రశ్న: మరమ్మతు అయ్యాక కూడా రైలు నత్తనడకేమిటి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బండరాళ్లు, రాతిపొడి, ఇసుక బస్తాలతో కట్టను నింపుతారు. వీటిని వానాకాలానికి ముందే కొన్ని స్టేషన్లలో సిద్ధంగా ఉంచుతారు. కొత్తగా పోసింది అణిగే దాకా గంటకు 10 కిలోమీటర్ల లాంటి వేగంతో మొదలుపెట్టి, లైను కుంగలేదని చూసుకుంటూ మెల్లగా పెంచుతారు.

కోత మీకే కనిపిస్తే దగ్గర్లోని గేట్‌మన్‌కో, స్టేషన్ మాస్టర్‌కో చెప్పండి, లేదా 139కి ఫోన్ చేయండి. పట్టాల పక్కనున్న రైల్వే కరెంటు స్తంభం మీది అంకెలు చదివి చెప్తే చోటు వెంటనే తెలిసిపోతుంది.